తాళాలగుత్తికి కట్టిన కాలింగ్ బెల్లు

2023 జూన్‌లో ఒక రాత్రి, రెండు దాటాక, తెనాలిలో ఒక పెద్దావిడ బాత్రూముకు లేచారు. తిరిగి వస్తూ గడప దగ్గర కళ్ళు బైర్లు కమ్మి పడిపోయారు. ఎడమ చెయ్యి కింద పడింది. లేవడానికి చాలాసేపు ప్రయత్నించారు. ఫోను మంచం పక్కన స్టూలు మీద ఉంది. అరిస్తే వినపడే దూరంలోనే పైవాటాలో మనుషులు ఉన్నారు, కానీ వాళ్ళకు కూలరు చప్పుడు. పావుతక్కువ ఆరింటికి పాలబ్బాయి వచ్చాడు. ఆ వేళకు ఊడ్చి ముగ్గేసి ఉండాల్సిన వాకిలి అలాగే ఉండడం చూసి ఆగాడు. తలుపు కొడితే లోపలి నుంచి సన్నగా మూలుగు వినిపించింది. ముందు తలుపుకీ, పెరటి తలుపుకీ లోపల గడియలు. పైవాళ్ళు దిగివచ్చి, గునపంతో పెరటి తలుపు ఊడదీసి లోపలికి వెళ్ళేసరికి ఆరున్నర. నాలుగు గంటలకు పైగా ఆవిడ నాపరాళ్ళ మీద పడి ఉన్నారు. మణికట్టు విరిగింది. ఒక పక్క తుంటి మీద చర్మం ఎర్రగా కందిపోయింది.

నేను ఫిజియోథెరపిస్టుని. 14 ఏళ్ళుగా గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళకు వైద్యం చేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆవిడా, పిల్లలూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టేలా ఉండే వివరాలు కొన్ని మార్చాను. ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వీధి మొత్తం టీచరుగారు అనే పిలుస్తుంది, నేనూ అలాగే పిలుస్తాను. అప్పటికి 78 ఏళ్ళు. భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు డాలస్‌లో, కూతురు హైదరాబాద్‌లో. ఇద్దరూ తమ దగ్గరికి రమ్మని ఎన్నోసార్లు అడిగారు. "నా తులసికోట ఇక్కడుంది, నా పుస్తకాలు ఇక్కడున్నాయి. నేనెక్కడికీ రాను" అన్నది ఆవిడ మాట. ఈ కేసులో నేను చేసిందంతా ఆ మాటకు లోబడి చేసిందే. ఆవిడను ఒప్పించి హైదరాబాద్ పంపించే పని నాది కాదని మొదటి రోజే కూతురికి చెప్పాను.

నేను వెళ్ళేసరికి ఇంట్లో పరికరాలు ఉన్నాయి. పడిన నెల లోపలే కొడుకు హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి కెమెరాలు పెట్టించాడు. అమెరికా నుంచి వస్తున్న స్నేహితుడి చేత, మనిషి పడితే దానంతట అదే గుర్తించే వాచీ పంపాడు. ప్రేమతో చేసిన పనులే. పడగ్గది కెమెరా మీద తుండుగుడ్డ కప్పి ఉంది. "అమ్మాయ్, నా ఇంట్లో నేను ఇరవై నాలుగు గంటలూ కొంగు సర్దుకుంటూ తిరగాలా?" అని అడిగారు టీచరుగారు. నా దగ్గర జవాబు లేదు. వాచీ పూజగదిలో అరమరలో ఉంది. రోజూ ఛార్జింగ్ పెట్టాలి, స్నానానికి తియ్యాలి, రాత్రి వెలుగొచ్చి నిద్ర పట్టనివ్వదు. ఒకసారి కొబ్బరికాయ కొట్టిన అదురుకే పడిపోయారని అనుకుని కొడుక్కి మెసేజ్ పంపింది. ఆ పూట అతను ఆఫీసులో మీటింగ్ వదిలేసి అరగంట పాటు ఫోన్లు చేశాడట. ఆ టెన్షన్ ఆవిడకు నచ్చలేదు. వాచీ తీసి దేవుడి దగ్గర పెట్టేశారు.

మెళ్ళో వేసుకునే ఎమర్జెన్సీ బటన్ గురించి నేను మాట ఎత్తగానే, "మెళ్ళో గంట కట్టిన ఆవులా తిరగనా?" అన్నారు. ఇలా అనేది ఆవిడ ఒక్కరే కాదు. ఇంగ్లండ్‌లో మెడ బటన్లు ఎంతోకాలంగా ఉన్నాయి. అక్కడ కేంబ్రిడ్జ్‌లో 90 దాటినవాళ్ళ మీద జరిగిన ఒక అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒంటరిగా పడిపోయి లేవలేకపోయినవాళ్ళలో చాలామంది, పిలవడానికి బటన్ ఉండి కూడా దాన్ని వాడలేదు. పెట్టుకోకపోవడం, అందకపోవడం, ఇతరులను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేకపోవడం, ఎవరి సాయం లేకుండా లేవాలనుకోవడం ఇవన్నీ కారణాలే. టీచరుగారి గురించి ఆలోచించేటప్పుడు ఆ అధ్యయనం నా మనసులో ఉంది. అందుకే బటన్ సంగతి పక్కన పెట్టి, ఎందుకు పడ్డారో చూడడం మొదలుపెట్టాను.

మొదటి రోజు పరీక్షలు

పడుకోబెట్టి బీపీ చూస్తే 152/84. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి 124/72. లేచిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని పట్టించుకోవాలి. ఆవిడకు ఏకంగా 28 తగ్గింది. ఆస్పత్రిలో అన్నిసార్లూ కూర్చోబెట్టే చూశారు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. తర్వాత కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగివచ్చి కూర్చునే పరీక్ష. 12 సెకన్లు పట్టినా జాగ్రత్త పడాలి. ఆవిడకు 21 పట్టింది.

మందుల డబ్బా తెప్పించాను. బీపీ మాత్రలో నీరు తీసే మందు కూడా కలిసి ఉంది. దాన్ని రాత్రి భోజనం తర్వాత వేసుకుంటున్నారు. అందుకే రాత్రికి మూడుసార్లు లేస్తున్నారు. పైగా ఏళ్ళ తరబడి సగం నిద్రమాత్ర. నిద్రమత్తులో, చీకట్లో, లేవగానే బీపీ పడిపోయే స్థితిలో, మూడుసార్లు బాత్రూముకు. ఏ వాచీ పెట్టినా ఈ పడడం ఆగదు. పడిన తర్వాత చెప్పడం ఒక్కటే వాచీ చేయగలది.

గుంటూరులో ఆవిడను చూసే ఫిజీషియన్‌తో వీడియో కాల్ పెట్టాం. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చినప్పటి నుంచి డాక్టర్లు ఇలా చూడడానికి జంకడం తగ్గింది. కానీ అవతల డాక్టరున్నంత మాత్రాన సరిపోదు, ఇవతల పరీక్ష చేసే చేతులు కావాలి. నేను ఆయన కళ్ళెదుటే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూపించాను. ఆయన మందు మార్చి ఉదయానికి జరిపారు. నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపకుండా వారాల వారీగా తగ్గించుకుంటూ వచ్చారు. టీచరుగారికి మోచేతి పైన పట్టీ చుట్టే బీపీ మిషన్ ఒకటి కొనిపించాను. ఆవిడ రూళ్ళ నోటుబుక్కులో తేదీ, వేళ, పడుకుని, నిలబడి అని నాలుగు గళ్ళు గీసి, తేడా 20 దాటితే ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు. ఆ పుస్తకం ఫోటో తీసి వారానికోసారి డాక్టరుకి పంపేవాళ్ళం. దీనికి యాప్‌లు ఉన్నాయి. ఆవిడకు యాప్ కావాలని నాకెప్పుడూ అనిపించలేదు.

గడియ

మంచం నుంచి బాత్రూముకు 14 అడుగులు, రెండు గడపలు, ఒక మెట్టు. లైటు స్విచ్చు తలుపు వెనక ఉంది. అంటే చీకట్లో గడప దాటాకే లైటు. మంచం కింద, నడవలో, బాత్రూం బయట మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు మూడు పెట్టించాం. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి పట్టుకునే కడ్డీలు. పాత గోడ సున్నం రాలుతుంటే మేస్త్రీ వద్దన్నాడు. సిమెంటు కట్టి, నాలుగు రోజులు ఆగి బిగించాం. గడపకు పచ్చని గచ్చు మీద తెల్లగా కనపడేలా పెయింటు వేయించాం. పసుపు రాసుకోవడానికి అడ్డురాకుండా నిలువు అంచుకే వెయ్యమన్నారు టీచరుగారు, అలాగే వేశాం.

అందరూ మర్చిపోయేది గడియ. మన ఇళ్ళలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు రాత్రి ముందు తలుపుకు, వెనక తలుపుకు, ఒక్కోసారి పడగ్గదికి కూడా లోపల గడియ పెట్టుకుంటారు. దొంగల భయం మరి. పక్కింట్లో తాళంచెవి ఇచ్చి ఏం లాభం, గడియ లోపల ఉంటే? ఎంత ఖరీదైన అలారం పెట్టినా, దాన్ని విని పరిగెత్తుకొచ్చిన మనిషి వాకిట్లో నిలబడిపోవాలి. ముందు తలుపుకు లోపల నుంచి నాబ్‌తోనూ, బయట నుంచి చెవితోనూ తెరుచుకునే నైట్ లాచ్ వేయించాం. గడియ పెట్టుకోవద్దంటే ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "యాభై ఏళ్ళ అలవాటు. గడియ పెట్టకపోతే నిద్రపోయినట్టుండదు" అన్నారు. లాచ్ బిగించిన రోజు కార్పెంటరును బయట పెట్టి, తలుపు ఎంత నెట్టినా కదలదని ఆవిడకే చూపించాను. రెండు వారాలు గడియ కూడా పెట్టుకున్నారు. తర్వాత మానేశారు. బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేది. మనిషి దానికి అడ్డంగా పడితే బయటివాళ్ళు తెరవలేరు. కీళ్ళు మార్చి బయటికి తెరుచుకునేలా చేశాం.

బెల్లులు, తలుపు

బజార్లో దొరికే మామూలు వైర్‌లెస్ కాలింగ్ బెల్లు తెచ్చాను. బటన్ మనిషి దగ్గర, మోగేది పైవాటాలో. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. పైన ఉండే దంపతులు మంచివాళ్ళు. ఆ రాత్రి వినపడలేదని ఆ అమ్మాయి చాలా బాధపడింది. నీళ్ళు పడ్డా పాడవని బటన్లు రెండు బాత్రూములో అంటించాం. ఒకటి చెయ్యి ఎత్తులో, ఒకటి గచ్చుకు జానెడు ఎత్తులో. పడినవాళ్ళకు అందేది రెండోదే.

మూడో వారం వెళ్ళి చూస్తే కింది బటన్ లేదు. బాత్రూం కడిగేటప్పుడు తడిసి పాడవుతుందని పనమ్మాయి జాగ్రత్తగా పీకి కిటికీలో పెట్టింది. తప్పు నాదే. డాలస్‌లో ఉన్న కొడుక్కి వీడియోలో అన్నీ వివరించాను. రోజూ ఆ గోడను చేత్తో తుడిచే మనిషికి ఒక్క మాట చెప్పలేదు. ఆ రోజు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, గచ్చు మీద పడుకోమని, చెయ్యి చాపి నొక్కమన్నాను. పైన బెల్లు మోగగానే ఆమె మొహం మారిపోయింది. "మా అమ్మకి కూడా ఇలాంటిది పెట్టొచ్చా?" అని అడిగింది. తర్వాత ఆమె ఆ ఇంట్లో అందరికన్నా నమ్మకంగా బటన్లు చూసుకుంది.

నొక్కలేని స్థితి కూడా ఉంటుంది కదా. దానికి కొడుకు కెమెరాలు ఉండనిమ్మన్నాడు. నేను టీచరుగారి రోజు ఎలా గడుస్తుందో రెండు రోజులు రాయించాను. ఎప్పుడూ తప్పనిది ఒకటుంది. నాలుగున్నర, ఆరు మధ్యలో ముందు తలుపు తీసి, ఊడ్చి, ముగ్గేసి, పాలు అందుకుంటారు. మొదటిసారి ప్రాణం కాపాడింది కూడా ఆ ముగ్గు లేకపోవడమే. తలుపుకు చిన్న సెన్సర్ పెట్టాం. తలుపు తెరిస్తే గుర్తిస్తుంది, అంతే. ఆరున్నర దాకా తలుపు తెరుచుకోకపోతే పిల్లలిద్దరి ఫోన్లకూ మెసేజ్. జపాన్‌లో జోజిరుషి కంపెనీ 2001లో ఇలాంటి పని ఒక కెటిల్‌తో మొదలుపెట్టింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు టీకి వేడినీళ్ళు పట్టుకుంటే ఆ సంగతి దూరాన ఉన్న పిల్లలకు తెలుస్తుంది. కెమెరా లేదు, మాట్లాడడం లేదు. అమ్మ లేచింది, టీ తాగుతోంది అన్న కబురు మాత్రం వెళ్తుంది. టీచరుగారి ఇంట్లో ఆ కెటిల్ పని వాకిలి తలుపు చేసింది. ఇది పెట్టిన నెలకు కొడుకే కెమెరాలు తీయించేశాడు. గేటు బయట ఒకటి ఉంచారు, దానికి ఆవిడకు అభ్యంతరం లేదు.

ఎవరు స్పందించాలన్నది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. ఇక్కడ అమెరికా దూరం మాకు కలిసొచ్చింది. మనకు రాత్రి పదింటి నుంచి తెల్లవారుజాము ఐదింటి దాకా డాలస్‌లో పట్టపగలు. కాబట్టి రాత్రి కాపలా కొడుకుది, పగలు కూతురిది. ఎవరికి మెసేజ్ వచ్చినా ముందు అమ్మకు రెండుసార్లు ఫోను. ఎత్తకపోతే పైవాటాకు. వాళ్ళు లేకపోతే ఎదురు కిరాణా కొట్టు ఆయనకు, ఆయన దగ్గర రెండో తాళంచెవి ఉంది. పడిపోయి కనిపిస్తే 108. అంతకుముందు కొడుకు అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా కెమెరా చూసుకునేవాడట. ఇప్పుడు నిద్రపోతున్నానని ఒకసారి ఫోనులో చెప్పాడు.

కార్తీకం, తుఫాను

నవంబరు 14, కార్తీక మాసం మొదటి రోజు. టీచరుగారు తెల్లవారుజామున నాలుగుంపావుకు తలస్నానం చేసి దీపం పెట్టడానికి తలుపు తీశారు. నాలుగున్నరలోపు తలుపు తెరుచుకుంటే అది మామూలు విషయం కాదని మేమే సెట్ చేసి ఉంచాం. కొడుక్కి మెసేజ్ వెళ్ళింది. ఫోను చేశాడు, ఆవిడ తులసికోట దగ్గర ఉన్నారు, ఎత్తలేదు. పైవాటా ఆయన టార్చిలైటుతో పరిగెత్తుకు దిగాడు. ఉసిరికాయ మీద ఒత్తి వెలిగిస్తున్న ఆవిడ ఉలిక్కిపడ్డారు. ఎంత నొచ్చుకున్నారో. "దేవుడికి దీపం పెట్టుకోవాలన్నా అమెరికా పర్మిషన్ కావాలా?" అని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తప్పు ఆవిడది కాదు, సెన్సర్‌దీ కాదు. ఆ ఇంటి ఏడాది ఎలా గడుస్తుందో నేను అడగలేదు. పంచాంగం పక్కన పెట్టుకుని కార్తీకం, ధనుర్మాసం, ఇంకా ఆవిడ చెప్పిన రోజులన్నిటికీ వేళలు మార్చాం. ఇప్పుడు కొత్త ఇంటికి వెళ్ళినా నేను అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. నమాజు వేళలు, చర్చి వేళలు కూడా అడుగుతాను.

మూడు వారాలకు మిచౌంగ్ తుఫాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. తెనాలికి ఆ ఊరు ఎంతో దూరం కాదు. మా వీధుల్లో ముందు రాత్రే కరెంటు పోయింది. వైఫై పెట్టెకు పెట్టిన చిన్న బ్యాటరీ నాలుగు గంటలు వచ్చింది. తర్వాత తలుపు సెన్సర్ యాప్‌లో 'ఆఫ్‌లైన్' అని వచ్చి ఆగిపోయింది. పైన పెట్టిన బెల్లు కూడా ప్లగ్గుది, కాబట్టి అదీ పనిచేయలేదు. ఆ సంగతి ముందు ఆలోచించకపోవడం నా లోటు. కూతురు హైదరాబాద్ నుంచి నాకు పదకొండుసార్లు ఫోను చేసింది. గాలికి గొడుగు నిలవక పైవాటా అమ్మాయి తల మీద గోనెసంచి వేసుకుని దిగి చూసింది. టీచరుగారు కిరోసిన్ దీపం పెట్టుకుని, కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కుతున్నారు. ఆ తర్వాత మోగే పెట్టె బ్యాటరీది కొన్నాం. ఫ్రిజ్ మీది కాగితంలో ఒక వాక్యం కలిపాం: సిగ్నల్ పోతే, ఎవరో ఒకరు వెళ్ళి కళ్ళతో చూసి రావాలి.

రెండోసారి పడడం

ఈలోపు వ్యాయామం సాగుతూనే ఉంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడడం. దానితో పాటు, పడితే ఎలా లేవాలో నేర్పాను. చాప మీద పడుకోబెట్టి, పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, మోకాళ్ళ మీదికి వచ్చి, పాకుతూ కుర్చీ దగ్గరికి చేరి, దాన్ని పట్టుకుని లేవడం. పడ్డవాళ్ళకు సిగ్గు, భయం రెండూ ఉంటాయి. నేర్పేటప్పుడు నేను కూడా పక్కనే చాప మీద పడుకుంటాను. 14 వారాలకు ఆ నడక పరీక్ష 13 సెకన్లకు వచ్చింది. నిలబడితే బీపీ తగ్గడం 12కి వచ్చింది. రాత్రి లేవడం ఒక్కసారికి తగ్గింది.

అయినా 2024 మార్చిలో పెరట్లో బట్టలు ఆరేస్తూ పడ్డారు. అక్కడ బటన్ లేదు, ఫోను లోపల ఉంది. పొద్దున పది గంటలు, తలుపు సెన్సర్‌కు అనుమానం వచ్చే వేళ కాదు. నేర్చుకున్నట్టు దొర్లి, పాకి, బట్టలు ఉతికే బండ పట్టుకుని తనంతట తనే కూర్చున్నారు. పది నిమిషాలు పట్టిందట. దెబ్బ తగల్లేదు. కానీ కూర్చున్నచోట నుంచి ఎవరినీ పిలవలేకపోయారు. పనమ్మాయి వచ్చేదాకా ఎండలో ఉన్నారు.

ఆ సాయంత్రం వెళ్ళాను. ఆవిడ బీరువా తీయడానికి బొడ్లోంచి తాళాలగుత్తి తీశారు. వెండి కొక్కెం, దానికి ఏడెనిమిది చెవులు. ఇన్ని నెలలుగా ఆ ఇంటికి వస్తున్నాను, నడిచినప్పుడల్లా ఆ చప్పుడు విన్నాను, చూడలేదు. అత్తగారు ఇచ్చిన కొక్కెం అది. స్నానం చేసినా, పడుకున్నా చెయ్యి చాపితే అందేచోట ఉంటుంది. "టీచరుగారూ, ఈ గుత్తికి ఇంకొక్కటి కడితే బరువనిపిస్తుందా?" అని అడిగాను. కాసేపు చూసి, "తాళంచెవి లాంటిదే కదా" అన్నారు. అగ్గిపెట్టెలో సగం ఉండే బటన్‌ను ఆ కొక్కేనికి తగిలించాం. పొరపాటున నొక్కుకోకుండా చుట్టూ గట్టు ఉన్నది వెతికి తెచ్చాను. తర్వాత ఆవిడే పెరడంతా తిరిగి, మోటారు దగ్గర, బండ దగ్గర, నిమ్మచెట్టు కింద, గేటు దగ్గర ఒక్కోసారి నొక్కారు. పైనుంచి ఆ అమ్మాయి "మోగిందండీ!" అని ప్రతిసారీ అరిచింది. నిమ్మచెట్టు వెనక మాత్రం మోగలేదు. పైన పెట్టెను కిటికీ దగ్గరికి మార్చాక అక్కడా మోగింది.

అక్టోబరులో ఆ బటన్ నిజంగా పనికొచ్చింది. ముందు రాత్రి నుంచి విరేచనాలు, ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పొద్దున యథాప్రకారం బీపీ మాత్ర వేసుకున్నారు. మోటారు స్విచ్చు దగ్గర తల తిరిగితే, పడకముందే కింద కూర్చుని నొక్కారు. పైవాటా అమ్మాయి మూడు నిమిషాల్లో వచ్చింది. బీపీ 96. డాక్టరు ఫోనులో ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు, కారులో తీసుకెళ్ళి సెలైన్ పెట్టించారు. రెండు రోజుల్లో ఇంటికి వచ్చేశారు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు బీపీ మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగాలని నోటుబుక్కు అట్ట మీద ఎర్రసిరాతో రాసుకున్నారు.

ఖర్చు చాలామంది అడుగుతారు. లైట్లు, కడ్డీలు, తాళం, తలుపు పని, సెన్సర్, బెల్లులు, బ్యాటరీ అన్నీ కలిపి 14,000 రూపాయల లోపే అయ్యాయి. అరమరలో ఉన్న వాచీ ఒక్కటే అంతకన్నా ఎక్కువ. ఆ డబ్బూ లేనివాళ్ళకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి మిషన్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. పనమ్మాయి వాళ్ళమ్మకు ఏం దొరుకుతుందో కనుక్కోవడానికి ఆమె చేత 14567కి చేయించాను. అది పెద్దల హెల్ప్‌లైన్. దానికి బీజం 2017లో హైదరాబాద్‌లో పడింది, 2021లో దేశమంతా వచ్చింది. పింఛను, చట్టం, వేధింపులు, ఆదరణ లేని పెద్దలు, ఇలాంటి వాటికి ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. పడిపోయినప్పుడు చేసే నంబరు కాదు. ఈ రెండిటినీ కలిపేసుకున్న కుటుంబాలను చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను, పడితే 108.

పోయిన నెల పైవాటా దంపతులకు బదిలీ అయింది. కూతురు మళ్ళీ హైదరాబాద్ మాట ఎత్తింది. టీచరుగారు ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడారు. రాత్రిళ్ళు ఇంట్లో ఉంటారా, నిద్ర గాఢమా, మెట్లు దిగడానికి మోకాళ్ళు బాగున్నాయా అని. చివరికి ఒక నర్సుకీ ఆమె భర్తకీ అద్దె 500 తగ్గించి ఇచ్చారు. వాళ్ళు సామాను దింపుకుంటుంటే నేనక్కడే ఉన్నాను. తాళంచెవితో పాటు ఆ బ్యాటరీ బెల్లు చేతికిచ్చి, "ఇది కిటికీ దగ్గరే పెట్టాలి, నిమ్మచెట్టు కిందికి అందాలి" అని చెప్పి, గుత్తి పట్టుకుని పెరట్లోకి నడిచారు టీచరుగారు.